ఆన్‌లైన్ వ్యాపారం కొన్నాక అమ్మినాయన మళ్లీ పోటీకి దిగకుండా

వెబ్‌సైట్ కొంటున్నప్పుడు ఒప్పందంలో ‘గుడ్‌విల్ అమ్మకం’ (గుడ్‌విల్ అంటే వ్యాపారానికి ఉన్న మంచి పేరు, కస్టమర్ల నమ్మకం) అన్న మాట ఉందో లేదో ముందు చూసుకోండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం వ్యాపారం చేయొద్దనే షరతు చెల్లదు. గుడ్‌విల్ అమ్మితే మాత్రం మినహాయింపు ఉంది. డొమైన్ (సైట్ పేరు), సరుకు, కస్టమర్ల లిస్టు అని రాసి గుడ్‌విల్ మాట వదిలేస్తే అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే. గుడ్‌విల్‌కు ఎంత ఇచ్చారో విడిగా అంకె వేయించండి.

ఆ మినహాయింపులోనే ఇంకో మెలిక ఉంది. ప్రాంతం హద్దు చెప్పాలి, అది సబబుగా ఉండాలి. ఆన్‌లైనే కదా అని ‘ప్రపంచమంతా’ అని రాయకండి, ఆర్డర్లు నిజంగా వెళ్లే రాష్ట్రాల పేర్లు రాయండి. పైగా మీరు ఆ వ్యాపారం నడిపినంత కాలమే ఆ షరతుకు బలం.

భార్య పేరునో తమ్ముడి పేరునో కొత్త సైట్ తెరవడం మామూలే, అందుకే వాళ్ల చేతా సంతకం పెట్టించండి. ధరలో కొంత ఏడాది దాకా ఆపి ఇచ్చేలా రాసుకోండి. నా లెక్కలో కోర్టు కంటే ఇదే గట్టి పట్టు.

పోటీ సైట్ కనబడిన రోజే అడ్రసు, తేదీ పడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఒక ఆర్డరు పెట్టి బిల్లు, పార్శిల్ కవరు దాచండి. కోర్టులో వేసేటప్పుడు స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. కేసు హైదరాబాద్ కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. అత్యవసర ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కావాలంటేనే నేరుగా దావా. నెలల తరబడి ఊరుకుంటే ఆ అత్యవసరం చూపించలేరు.