పెదవి వాచిందా, పొక్కులు లేచాయా? గోధుమను మానేసే ముందు ఇవి చూసుకోండి

మూతి వాస్తే మన ఊళ్లో మొదట వినిపించే మాట "వేడి చేసింది". ఈమధ్య దానికి తోడు "గ్లూటెన్ (గోధుమ, బార్లీలలో ఉండే ప్రొటీన్) పడట్లేదేమో" అనేది కూడా చేరింది. తిరుపతిలో మందుల షాపులో కూర్చునే నాకు ఈ రెండు మాటలూ తరచూ వినిపిస్తాయి. చాలాసార్లు కారణం ఈ రెండూ కాదు. వాపు వేరు, పొక్కు వేరు, నోటిపూత వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టేసి చపాతీలు మానేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే: తిన్నాక లేదా మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి మొదలైంది, పెదవి మీద సరిగ్గా ఎక్కడ వచ్చింది.

ముందు ప్రమాదం ఉందేమో చూడండి

పెదవి వాపుతో పాటు గొంతు బిగుసుకుపోవడం, మాట బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, ఆగకుండా వాంతులు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి. ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోబెట్టండి. లేపి నడిపించొద్దు. ఈ స్థితిలో ప్రాణం కాపాడేది తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రజిన్ మాత్ర దురద తగ్గిస్తుందేగానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. "మాత్ర వేశాం కదా, ఒక అరగంట చూద్దాం" అనుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఇంజెక్షన్‌తో తగ్గాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఇంకొకటి. ఫిట్స్ మందు, సల్ఫా మందు, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అల్లోప్యురినాల్ లాంటివి కొత్తగా మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం వచ్చి, పెదవులు పచ్చిపుండై, కళ్లు ఎర్రబడి, ఒంటి మీద చర్మం ఊడుతుంటే అది మామూలు అలర్జీ కాదు. ఆ మందు ఆపి నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

తిన్న కాసేపటికే ఉబ్బింది, దురద ఉంది, ఒకటి రెండు రోజుల్లో పోయింది

అసలైన ఆహార అలర్జీ ఇలా ఉంటుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది, తరచుగా ఒంటి మీద దద్దుర్లు కూడా లేస్తాయి. చెనక్కాయలు, జీడిపప్పు, రొయ్యలు, గుడ్డు, పాలు, నువ్వులు, గోధుమ... వీటిలో ఏదైనా కావచ్చు. జీడిపప్పు పడనివాళ్లకు శ్రీవారి లడ్డూలో కూడా అది ఉంటుందని, ఏరి పక్కన పెట్టి తిన్నా సరిపోదని ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

వాపు పెదవి వరకే ఉంటే పెద్దవాళ్లకు సిట్రజిన్ 10 మిల్లీగ్రాములది ఒకటి చాలు. పిల్లలకు డోసు డాక్టర్ చెప్పాలి. ఆ తర్వాత అనుమానం ఉన్న పదార్థానికి మాత్రమే స్కిన్ ప్రిక్ పరీక్ష గానీ, రక్తంలో ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) పరీక్ష గానీ చేయించుకోండి. వందల పదార్థాలకు ఒకేసారి ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) చూసే ప్యాకేజీలు అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లొద్దు. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మీరు తింటున్నారని అర్థం, అంతే. ఆ రిపోర్టు పట్టుకుని పాలు, పప్పు, గుడ్డు అన్నీ మాన్పించిన పిల్లలు చిక్కిపోవడం చూస్తే బాధేస్తుంది.

పూరీ తిన్నప్పుడు ఏమీ కాలేదు, మెట్లెక్కుతుంటే మూతి వాచింది

మన ఊరివాళ్లకు ఇది తెలిసి ఉండాలి. కొందరికి గోధుమ తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. తిన్న కొన్ని గంటల్లో గట్టిగా శ్రమపడితేనే దద్దుర్లు, వాపు, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వస్తుంది. పొద్దున్నే పూరీలో పరోటాలో తిని అలిపిరిలో బయలుదేరి 3,550 మెట్లు ఎక్కడమంటే సరిగ్గా అలాంటి సందర్భమే. ఒళ్లునొప్పులకు ముందుగానే నొప్పి మాత్ర వేసుకునేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. అందరూ "ఎండదెబ్బ" అనుకుని వదిలేస్తారు. ఒక్కసారి ఇలా అయినా ఒమేగా-5 గ్లయాడిన్‌కి (గోధుమలోని ఒక ప్రొటీన్) ఐజీఈ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. తేలేదాకా, నడిచే రోజు గోధుమ ముట్టకుండా ఇడ్లీ తినండి, ఒంటరిగా ఎక్కొద్దు.

దురద లేదు, దద్దుర్లు లేవు, పెదవి మాత్రం బూరెలా వాచింది

బీపీ మాత్రల షీటు తిప్పి చదవండి. పేరు చివర 'ప్రిల్' అని ఉందా? ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులతో ఈ వాపు వస్తుంది. మొదలుపెట్టిన వారానికే రావాలని లేదు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు, పాపం నిన్న తిన్న కూర మీద పడతారు. దీనికి సిట్రజిన్ పెద్దగా పనిచేయదు. ఆ మాత్ర ఇక వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌ను కలిసి వేరే బీపీ మందు రాయించుకోండి. బీపీ మందే మానేయడం మాత్రం తప్పు.

ఎప్పుడు వచ్చినా అదే చోట పొక్కులు

దీనికి ముఖ్యంగా రెండు కారణాలు. పొక్కులు లేచే ముందు రోజు అక్కడ చురుక్కుమని, చిమచిమలాడి, తర్వాత పెదవి అంచున ఆవగింజలంత నీటి పొక్కులు గుంపుగా వస్తే అది హెర్పిస్ వైరస్. జ్వరం, ఎండ, నిద్రలేమి, టెన్షన్, నెలసరి దాన్ని లేపుతాయి. వారం పది రోజుల్లో పక్కు కట్టి మానిపోతుంది. రాత్రి ఏదో పురుగు పాకిందని అనుకుంటారు గానీ పురుగుకీ తిండికీ దీనితో సంబంధం లేదు. ఎసైక్లోవిర్‌ను చిమచిమ మొదలైనప్పుడే వాడితే గుణం కనిపిస్తుంది, పక్కు కట్టాక వాడి లాభం లేదు. మానేదాకా పసిబిడ్డలను ముద్దు పెట్టుకోవద్దు. నెలలోపు పిల్లలకు ఇది ప్రాణాంతకం కాగలదు.

రెండోది మందు వల్ల వచ్చేది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో అదే చోట మంట, ఎర్రటి మచ్చ, ఒక్కోసారి పొక్కు. మానాక బూడిద కలిసిన గోధుమరంగు మచ్చ మిగులుతుంది, మళ్లీ వచ్చినప్పుడల్లా ఇంకా నల్లబడుతుంది. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి కింది పెదవి మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ కనిపిస్తే నేను తిండి గురించి అడగను. "విరేచనాలకో, ఒళ్లునొప్పులకో ఏం వేసుకున్నారు?" అని అడుగుతాను. ఆర్నిడజోల్, కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, నొప్పి మాత్రలు, అరుదుగా పారాసెటమాల్ కూడా ఇలా చేస్తాయి. డాక్టర్ నిర్ధారించాక ఆ మందు పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు మాత్రం పెదవికి పూయొద్దు. హెర్పిస్ అయితే వాటితో ముదురుతుంది.

మామిడి కాలంలోనే వస్తోంది

చిత్తూరు జిల్లాలో తోతాపురి దిగే రోజుల్లో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. కాయను తొక్కతోనే కొరికినా, పండును పిసికి జుర్రుకున్నా తొడిమ దగ్గరి సొన మూతికి అంటుతుంది. ఆ సొనలో చర్మానికి పడని రసాయనాలుంటాయి, జీడిమామిడి గింజ తొక్క నూనెలో ఉండేవి కూడా వీటి జాతివే. చిక్కేమిటంటే వాపు, దురద, చిన్న చిన్న నీటి పొక్కులు ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత వస్తాయి. అప్పటికి మామిడి సంగతి మరిచిపోయి, ఆ పూట తిన్న చపాతీని తిడతాం. గుర్తు ఏమిటంటే పెదవి వరకే ఆగకుండా నోటి చుట్టూ, గడ్డం మీదికి, పండు పట్టుకున్న వేళ్ల మీదికి వస్తుంది.

తిన్న వెంటనే సబ్బుతో మూతి, చేతులు కడగాలి. పొక్కులు వచ్చేస్తే చల్లటి తడిగుడ్డ వేసి, చర్మ డాక్టర్‌ను అడిగి తక్కువ ఘాటు స్టెరాయిడ్ క్రీమ్ కొద్ది రోజులు రాస్తే చాలు. మామిడిని జన్మంతా వదులుకోనక్కర్లేదు. ఇంకొకరు తొక్క తీసి ముక్కలు కోసిస్తే చాలామంది హాయిగా తినగలరు.

సీజన్‌తో పనిలేకుండా పెదవి ఎప్పుడూ పగిలి మండుతుంటే పుదీనా, దాల్చినచెక్క ఘాటున్న టూత్‌పేస్టు, లిప్‌స్టిక్, లిప్‌బామ్ మార్చి చూడండి. వాపు వారాల తరబడి దిగకపోతే మాత్రం ఇంటి ప్రయోగాలు కట్టిపెట్టి చూపించుకోండి.

పెదవి లోపల పుండ్లు, మళ్లీ మళ్లీ

గ్లూటెన్ మాట తీయాల్సింది ఇక్కడ. సీలియాక్ జబ్బులో గ్లూటెన్ వల్ల శరీరం తన పేగును తానే దెబ్బతీసుకుంటుంది. దానివల్ల పెదవి ఒక్కసారిగా ఉబ్బదు. నోటిలోపల తెల్లటి పుండ్లు పదేపదే రావడం, మాత్రలు వాడినా రక్తం పెరగకపోవడం, కడుపుబ్బరం, విరేచనాలు, పిల్లలైతే ఎదగకపోవడం దాని తీరు. గ్లూటెన్ వల్ల వచ్చే చర్మపు పొక్కులు కూడా ఎక్కువగా మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద లేస్తాయి. ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువ. ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్ తగ్గినా నోటిపూత వస్తుంది కాబట్టి అవి కూడా చూపించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పరీక్షకు ముందు గోధుమ మానకండి. సీలియాక్‌ను పట్టించే టీటీజీ ఐజీఏ రక్త పరీక్ష, దానితో పాటు మొత్తం ఐజీఏ, ఆ తర్వాత అవసరమైతే చిన్నపేగు ముక్క పరీక్ష. గోధుమ తింటూ ఉంటేనే ఇవి నిజం చెబుతాయి. మానేసి వెళితే జబ్బు ఉన్నా లేదని రావచ్చు, మళ్లీ వారాల తరబడి తిని పరీక్షకు కూర్చోవాల్సి వస్తుంది.

సీలియాక్ అని తేలితే జీవితాంతం పత్యమే, అయితే రాయలసీమ వంటిల్లు అందుకు అనువైనది. రాగి సంగటి, చెనక్కాయ పచ్చడి, అన్నం, జొన్నరొట్టె, కొర్రలు ఏవీ అడ్డు కాదు. ప్రమాదం కనబడని చోట ఉంటుంది. డబ్బా ఇంగువలో తరచుగా మైదా కలుపుతారు, సాంబారు, పులిహోర దాంతోనే చెడతాయి. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. బండి మీద నూడుల్స్, వాటిలో వేసే సోయా సాస్‌లో తరచుగా గోధుమ, పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటాయి. పిండి మిషన్‌లో గోధుమలు ఆడించిన వెంటనే మీ రాగులు పోయిస్తే ఆ పిండి పనికిరాదు. ఇంట్లోనే మిక్సీ పట్టుకోవడం మేలు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే మన దేశ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

పొక్కులకైతే తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ, పేగు అనుమానానికి ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో (జీర్ణకోశ) విభాగం. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. వాపు దిగిపోకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చీటీ లేకుండా కొన్న మాత్రలతో సహా షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.