జ్యూరీకి (డిజైన్‌ను పరీక్షకుల ముందు వివరించే రోజుకు) ముందు: నెల్లూరు సైటుతో డిజైన్ స్టూడియో చేస్తున్న ఆర్కిటెక్చర్ విద్యార్థులకు జాగ్రత్తలు

పెన్నా ఒడ్డున సైటు తీసుకుంటే, 2021 నవంబరు వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో చుట్టుపక్కల ఇళ్లవారిని అడగండి. గోడ మీద మరక మిగిలి ఉంటే టేపు పెట్టి కొలిచి, ఆ మట్టాన్ని సెక్షన్‌లో (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో) గీత గీసి చూపండి. రంగురంగుల రెండరింగుల (కట్టాక ఎలా ఉంటుందో చూపే బొమ్మల) కంటే జ్యూరీలో ఈ గీతే మిమ్మల్ని కాపాడుతుంది.

• ఉత్తరం వైపు ఎండ రాదని షీటు మీద రాసేయకండి. నెల్లూరు అక్షాంశం దాదాపు 14.4 డిగ్రీలు. జూన్ 21 మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి సుమారు 9 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీకీ సన్‌షేడ్ గీయండి.

• ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. వరండా ఏ దిక్కుకు తెరిచారో మరోసారి చూసుకోండి.

• ప్రింటుకు ముందు ‘పేజీకి సరిపెట్టు’ ఆప్షన్ తీసేయించండి. లేకపోతే స్కేలు మారిపోతుంది. 1:100లో మూడు మీటర్ల గోడ కాగితం మీద సరిగ్గా మూడు సెంటీమీటర్లు ఉండాలి.

• మోడల్ (భవనం నమూనా) చేసేటప్పుడు థర్మోకోల్‌కు రబ్బరు జిగురు రాయవద్దు, కరిగి గుంతలు పడుతుంది. తెల్ల జిగురు వాడండి. నిదానంగా ఆరుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే అంటించాలి.

• కట్టర్‌కు కొత్త బ్లేడు, స్టీలు స్కేలు. నిద్ర ముంచుకొస్తుంటే కోత పని తెల్లవారి చూసుకోవచ్చు.

• ఒంగోలు వైపు నుంచి బస్సులో వచ్చేవారు మోడల్‌ను డిక్కీలో పెట్టకండి, ఒళ్లోనే ఉంచుకోండి. చెట్లను విడిగా డబ్బాలో తెచ్చి, కాలేజీలో గుచ్చుకోవాలి.