ఆర్థడాక్స్ యూదు జంటకి ఫర్టిలిటీ టెస్టులు ఎలా ప్లాన్ చేయాలి?

అమెరికాలో ఫర్టిలిటీ క్లినిక్స్‌లో పనిచేసే మనవాళ్లకి ఎప్పుడో ఒకసారి ఆర్థడాక్స్ యూదు జంట ఎదురవుతారు. మామూలు టెస్టుల లిస్ట్ చేతిలో పెట్టి పంపేయకండి, ముందు ఆవిడని ఒక్కటి అడగండి, "మిక్వాకి ఏ రోజు వెళ్తారు?" అని.

ఎందుకంటే వాళ్ల మత నియమం, అంటే హలాఖా ప్రకారం, పీరియడ్ మొదలయ్యాక మామూలుగా ఐదు రోజులు, ఆ పైన మరక కూడా కనపడని ఏడు రోజులు లెక్కపెట్టుకుని, ఆ రాత్రి మిక్వా అనే కొలనులో మునిగి వచ్చాకే భార్యాభర్తలు కలుస్తారు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఆ నెల తేదీలు రాసి, మిక్వా రోజు చుట్టూ సున్నా చుట్టండి, ఓవ్యులేషన్ స్ట్రిప్ పాజిటివ్ వచ్చిన రోజు కూడా రాయమనండి. 24 రోజుల సైకిల్ అయితే పదో రోజు ప్రాంతంలోనే అండం విడుదలైపోతుంది, అది బతికేది ఒక్క రోజు, ఈవిడ మిక్వాకి వెళ్లేది 12 రోజులు నిండాక! ఇద్దరి రిపోర్టులూ నార్మలే, పాపం ఏళ్ల తరబడి ఏడుస్తుంటారు. ఇలాంటప్పుడు కొందరు డాక్టర్లు ఓవ్యులేషన్ కాస్త ఆలస్యంగా జరగడానికి సైకిల్ మొదట్లో ఈస్ట్రోజన్ ఇస్తారు, రబ్బీని, అంటే వాళ్ల మత గురువుని అడిగితే ఆ ఐదు రోజుల్లో ఏమైనా వెసులుబాటు ఉందేమో చూస్తారు. ఐవీఎఫ్ దాకా పోకముందే ఇది చూడాలి అని నేను గట్టిగా చెప్తాను.

తర్వాత సెమెన్ టెస్ట్. హస్తప్రయోగం వాళ్లకి నిషిద్ధం, కాబట్టి కప్పు ఇచ్చి గదిలోకి పంపకండి, చాలా నొచ్చుకుంటారు. చాలామంది రబ్బీలు ఒప్పుకునేది, వీర్యకణాల్ని చంపే మందు లేని స్పెషల్ కండోమ్‌కి సూదితో చిన్న చిల్లు పెట్టి, ఇంట్లో కలిసినప్పుడు శాంపిల్ తీసి, ఒంటి వేడి తగిలేలా పెట్టుకుని గంటలోపు ల్యాబ్‌కి తేవడం. అంటే ఇదీ మిక్వా తర్వాతే కుదురుతుంది. కానీ ల్యాబ్‌కి కావాల్సింది 2 నుంచి 7 రోజుల గ్యాప్, వీళ్లకి అప్పటికే 12 రోజులైపోతుంది, అందుకని మొదటి రాత్రిది కాకుండా రెండు మూడు రోజులాగి తెమ్మనండి.

ట్యూబుల ఎక్స్‌రే, అదే హెచ్ఎస్‌జీ, సరిగ్గా ఆ ఏడు రోజుల్లోనే పడుతుంది. రక్తం కనిపిస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుందేమోనని భయం, అందుకే అది పరికరం తగిలి గాయమై వచ్చిందా, పరికరం ఎంత మందం ఉంది అనేది డాక్టర్‌తో రాయించి ఇవ్వండి, గాయం రక్తానికి రూల్ వేరు, నిర్ణయం రబ్బీది. ఆ రబ్బీ ఎవరో తెలియకపోతే జెరూసలేంలోని పువా ఇన్‌స్టిట్యూట్‌ని అడగొచ్చు, ఫర్టిలిటీ విషయాల్లో యూదు జంటలకి మత సలహా ఇవ్వడమే వాళ్ల పని, డాక్టర్లతోనూ వాళ్లు మాట్లాడతారు.