పూడిక మట్టి ఎక్కడ పోయాలో మోడల్‌ని అడిగే ముందు

గోదావరి మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర, కాకినాడ అఖాతంలో డ్రెడ్జింగ్ మట్టి, అంటే ఓడల దారిలో తవ్వితీసిన పూడిక, పారబోసే చోటు తేల్చడానికి నీరు, మట్టి కదలికను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ నడుపుతున్నారా? రన్ కొట్టే ముందు ఇవి చూసుకోండి.

• లోతుల సర్వే ఏ నెలది? జూలై–సెప్టెంబరు వరదలకు ముందుదైతే ఇప్పటికి అడుగు మారిపోయి ఉంటుంది. కొలతలు చార్ట్ డేటమ్ (నావిక పటాల్లో లోతులు లెక్కించే ఆధార మట్టం) నుంచా, సగటు సముద్రమట్టం నుంచా? రెండూ కలిపేస్తే ఆ తర్వాత లెక్కంతా తప్పే.

• మట్టిని చేత్తో పట్టి చూడండి. 63 మైక్రాన్ల కంటే సన్నని బురదమట్టి ఇసుకలా కదలదు. రెండు గాజు గ్లాసుల్లో ఏటినీరు, సముద్రపునీరు విడివిడిగా పోసి, చిటికెడు ఒండ్రు కలిపి వదిలేయండి. మామూలుగా ఉప్పునీళ్ల గ్లాసే ముందు తేటపడుతుంది, ఎందుకంటే అందులో రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలై దిగుతాయి. ఇసుక సూత్రమొక్కటే పెట్టిన మోడల్‌కి ఈ సంగతి తెలియదు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

• పైన మంచినీరు సముద్రంలోకి పోతుంటే, అడుగున ఉప్పునీరు లోపలికి రావచ్చు. పోసిన మట్టి దాంతోపాటే తిరిగి ఓడల కాలువలోకి చేరొచ్చు. లోతంతటికీ ఒకే సగటు వేగం తీసుకునే మోడల్‌కి అది కనబడదు.

• మోడల్ ఫలితాలతో సరిపోల్చే కొలతలు కనీసం 15 రోజులవి ఉండాలి. పున్నమి, అమావాస్య పోట్లతోపాటు అష్టమి నాటి మందకొడి పోట్లూ అందులో రావాలి.

• నైరుతి కాలంలో తీరం వెంట ఇసుక ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి నడుస్తుంది. రెండు కాలాలూ నడపండి.

• బురద కోరింగ మడ అడవుల వైపు పోతుందేమో విడిగా చూడండి. శ్వాసవేళ్లు పూడిపోతే మడచెట్టు ఊపిరాడక చస్తుంది. మ్యాపు పట్టుకెళ్లి అక్కడి చేపల వేటగాళ్లనూ అడగండి.