లాల్‌బాగ్‌లో పిట్టల్ని చూడాలంటే ముందు నడక ఆపండి

మార్చిలో బెంగళూరు లాల్‌బాగ్‌కి వాకింగ్‌కి వచ్చేవాళ్ళు బోలెడుమంది, తలెత్తి పైకి చూసేవాళ్ళు తక్కువ. మీకు పిట్టల్ని చూడాలని ఉంటే ఆ ఒక్కరోజు ఫోన్‌లో స్టెప్స్ లెక్క మర్చిపోండి. 240 ఎకరాల తోటని ఒక్క పూటలో చుట్టేస్తే కాళ్ళనొప్పులే మిగులుతాయి. తెల్లారగానే వెళ్ళి, మంచి చెట్టు ఒకటి చూసుకుని, దాని దగ్గర ఓ ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి.

ఏ చెట్టు? ఇన్‌స్టాలో అందరూ పెట్టే గులాబీరంగు టబెబుయా ఫోటోలకి బాగానే ఉంటుంది, కానీ నా ఓటు బూరుగుకే. పూత టైముకి ఆకులన్నీ రాల్చేసి కొమ్మల నిండా దళసరి ఎర్రపూలతో ఉంటుంది కాబట్టి, తేనె కోసం ఎగబడే మైనాలు, చిలకలు, తేనెపిట్టలు, కాకులు, మధ్యలో దూరే ఉడతలు, అన్నీ అడ్డం లేకుండా కనిపిస్తాయి. పూత అయిపోతే పళ్ళున్న మర్రో రావో వెతకండి.

అక్కడ కంసాలిపిట్ట ఉంటుంది. టుక్ టుక్ టుక్ అని ఆగకుండా కొడుతూనే ఉంటుంది, కానీ తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి శబ్దం ఎటునుంచి వస్తోందో అంతుపట్టదు. చెవిని నమ్ముకుంటే లాభం లేదు, ఎండ పడుతున్న ఎత్తైన మోడుకొమ్మల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోండి. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్రబొట్టు. గూడు కూడా ఎండుకొమ్మలోనే, గుండ్రంగా తొలిచిన కన్నం. మోడు అని మనం తీసిపారేసే కొమ్మే దానికి ఇల్లు.

కోకిల సంగతి వేరు, వినపడుతుంది గానీ ఓ పట్టాన కనపడదు. ఉగాదికి కవులందరూ పొగిడే ఆ కూత మగదాని పని, నల్లగా ఉంటుంది, కళ్ళు ఎర్రన. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ అని అరుస్తుంది. కాకులు గోలగా దేన్నో తరుముతుంటే అటు చూడండి, చాలాసార్లు అది కోకిలే, కాకిగూట్లో గుడ్డు పెట్టడానికి వచ్చి దొరికిపోయి ఉంటుంది.

ఎండెక్కాక చెరువు వైపు వెళ్ళండి. రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకులు, అదృష్టముంటే గూడకొంగలు. దారిలో తొండ కనిపిస్తే ఆగండి, జతకట్టే కాలంలో మగతొండ తల, మెడ ఎర్రబడి, ముందుకాళ్ళ మీద పుషప్స్ తీస్తుంటుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8x42 బైనాక్యులర్ ఉంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఉచితం, అయితే అది చెప్పిన పిట్టని కంటితో చూసేదాకా నమ్మకండి. ఫోన్‌లో కూతలు ప్లే చేసి పిలవడం మాత్రం వద్దు, గూడు కట్టుకునే రోజుల్లో అవి పని మానేసి శత్రువెవరో అని వెతుక్కుంటాయి. అలాగే, నోట్లో పురుగు పట్టుకున్న పిట్ట గూట్లోకి పోకుండా కొమ్మ మీదే తచ్చాడుతోందంటే అది మిమ్మల్ని చూసి ఆగిందని అర్థం, ఇంకో పది అడుగులు వెనక్కి జరగండి.