చెత్త మీద పీజీ, అదీ ఉద్యోగం చేస్తూ: బెంగళూరులో ఉన్నవాళ్ళకి

ఏం చదువుతున్నావని ఊళ్ళో పెదనాన్న అడిగితే "చెత్త గురించి" అన్నాను. "కసువు చిమ్మేదానికి గూడా పీజీ కావాలా?" అన్నాడు. మాది అనంతపురం వైపు, నేను సర్జాపుర రోడ్డులో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ చేతిలో ఉన్న పనినే చదువుగా మార్చుకుందామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందు పేరు సంగతి. 'వేస్ట్ మేనేజ్‌మెంట్' అనే పేరుతోనే దూరవిద్యలో పీజీ వెతికితే చేతికి పెద్దగా ఏమీ రాదు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అని వెతకండి. ఇగ్నోలో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఉంది, ఎన్విరాన్‌మెంట్ అండ్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ అని పీజీ డిప్లొమా కూడా ఉంది. డిప్లొమాకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, కనీసం ఏడాది పడుతుంది. వీటిలో చెత్త ఒక భాగం మాత్రమే, మిగతాది మనమే నింపుకోవాలి, అదెలాగో కింద చెప్తాను.

దూరవిద్యలో ఎం.టెక్ చేయిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఇంజనీరింగ్ డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. ఈ ముక్క తెలియక ఒక కన్సల్టెన్సీకి ఎనిమిది వేలు కట్టి వచ్చాను, రసీదు ఇంకా నా దగ్గరే ఉంది, డబ్బే లేదు. యూజీసీ దూరవిద్యా బ్యూరో సైట్‌లో యూనివర్సిటీ పేరు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సుకి, మీరు చేరే సెషన్‌కి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. చేరడానికి ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు), డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా బ్యూరో నంబరు) అడుగుతారు, చివరి రోజు సర్వర్ మొరాయిస్తే టెన్షన్ పడకుండా ముందే తీసిపెట్టుకోండి.

ఇగ్నోలో అసైన్‌మెంట్లకి సాధారణంగా 30 శాతం, పరీక్షకి 70 శాతం. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. ఆఫీసుకెళ్ళేవాళ్ళని ముంచేది ఇదే, ఎందుకంటే పరీక్షకి నాలుగు రాత్రుళ్ళు మేలుకోవచ్చు గానీ ఏళ్ళ తరబడి కీబోర్డుకి అలవాటుపడ్డ చెయ్యి పది పేజీలకే నొప్పెడుతుంది. వారానికి ఒక్కటి చొప్పున రాసుకుంటూ పొండి.

ఇక లోటు నింపడం. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ గువాహటి వాళ్ళ మునిసిపల్ సాలిడ్ వేస్ట్ కోర్సు, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ ఈ-వేస్ట్ కోర్సు ఉన్నాయి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. చట్టాల విషయంలో గైడ్లు కొనకండి, 2016 ఘన వ్యర్థాల నియమాలతో మొదలుపెట్టి తర్వాత వచ్చిన మార్పులన్నీ గెజిట్‌లోనే చదవండి.

పుస్తకం చెప్పలేనిది మీ సెల్లార్‌లో ఉంది. ఒక రోజు చెత్తంతా టార్పాలిన్ మీద పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ తీసేసి, మిగిలినవాటిని మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయండి. చేతికి అందేంత కుప్ప మిగిలాక తడి, ప్లాస్టిక్, కాగితం, గాజు, శానిటరీ వేరుచేసి తూకం వేయండి. దీన్ని క్వార్టరింగ్ అంటారు. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, గాజు పెంకులూ సూదులూ తగులుతాయి. హౌస్‌కీపింగ్ అక్కలని అడిగి చేయండి, ఏ బ్లాకు వాళ్ళు డైపర్లు తడి చెత్తలో వేస్తారో వాళ్ళకి నోటికొచ్చు. వారం రోజులు ఇలా రాసుకుంటే ప్రాజెక్ట్‌కి కావలసిన లెక్కలు మీ చేతిలో ఉన్నట్టే. మా కంపోస్ట్ తొట్టి కంపు కొట్టినప్పుడు కార్బన్, నైట్రోజన్ పాళ్ళు 25-30కి ఒకటి ఉండాలన్న పాఠం నాకు అర్థమైంది, కార్బన్ ఎక్కువుండే ఎండుటాకులు ఒక బస్తా కలిపితే మూడు రోజుల్లో వాసన తగ్గింది.

ఊరు కూడా చూడండి. హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రం ఉంది, రకరకాల కంపోస్టింగ్ పద్ధతులు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. మీ వార్డు పొడి చెత్త కేంద్రానికి పనిరోజు పొద్దున వెళ్ళండి, ఆదివారం వెళ్తే తాళం చూసి రావాల్సి రావచ్చు. మండూరు గురించి కూడా చదవండి: నగరం చెత్త ఏళ్ళ తరబడి తమ పక్కనే పోస్తుంటే 2014లో ఆ ఊరివాళ్ళు లారీలకి అడ్డం నిలబడ్డారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి పెట్టించింది. మన గుమ్మం ముందుండే ఆకుపచ్చ డబ్బా, ఎర్ర డబ్బా ఆ పద్ధతివే.