పందులు కుళ్లగించిన నేలలో పచ్చిరొట్ట వేయడం ఎలా?

గరిక, తుంగ పట్టిపోయిన నేల చెక్కకు కంచె కట్టి పందులను తోలితే కొన్ని వారాల్లో మోరతో నేలంతా కుళ్లగిస్తాయి. తుంగ గడ్డలను వెతికి వెతికి తింటాయి. అవి వెళ్లాక "వచ్చే నెల చూద్దాంలే" అనుకుంటేనే నష్టం. బోసి నేల మీద ఒక్క గట్టి వాన పడితే పైమన్ను, పెంటలోని సారం కలిసి కొట్టుకుపోతాయి. అందుకే పచ్చిరొట్ట (కోసి నేలకే ఎరువుగా వదిలే పైరు) విత్తనం ఇంట్లోకి వచ్చాకే పందులను తరలించండి.

పందులు పోయిన రోజే చెక్కంతా నడిచి చూడండి. అవి పొర్లిన గుంటల అడుగు ఇటుకలా బిగుసుకుని ఉంటుంది. పైన మట్టి కప్పేస్తే లోపల నీరు నిలిచి విత్తనం కుళ్లుతుంది. ముందు గడ్డపారతో అడుగు పగలగొట్టి, తర్వాత పూడ్చండి. గరిక సంగతి వేరు. పందులు దాన్ని ముక్కలు చేస్తాయే గానీ పూర్తిగా చంపవు, ప్రతి కణుపూ మళ్లీ చిగురిస్తుంది. దంతెతో లాగి, చేత్తో ఏరి, ఎండలో పడేయక తప్పదు. విసుగు పుట్టించే పనే.

పంది మనం అనుకునేంత మురికి జంతువు కాదు. పడకకు, మేతకు దూరంగా ఏదో ఒక మూలనే పెంట వేస్తుంది. దాంతో నత్రజని అంతా ఆ మూలనే పోగవుతుంది. పారతో ఆ పెంటను వీలైనంత దూరం చిమ్మి, అక్కడ సజ్జ గానీ జొన్న గానీ మాత్రమే చల్లండి. అవి నత్రజనిని బాగా పీల్చుకుంటాయి. నత్రజని దండిగా దొరికే చోట జనుము, అలసంద వంటివి వేళ్లకు గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు సరిగా కట్టవు.

మిగతా నేలకు ఎకరాకు జనుము 10 కిలోలు, అలసంద 6 కిలోలు, సజ్జ కిలో కలిపితే సరిపోతుంది. చలికాలమైతే ఓట్స్, బఠాణీ, ఆవ మేలు. ఆ నేలలో పప్పుజాతి పైరు ఎన్నడూ వేయకపోతే విత్తనానికి తగిన రైజోబియం (ఆ బుడిపెలు కట్టించే బాక్టీరియా) పట్టించి నీడన ఆరబెట్టండి.

పిడికెడు మట్టి పిసికి ముద్ద చేసి కింద పడేయండి. పొడిగా విడిపోతే పదును కుదిరినట్టే, ముద్దగానే ఉంటే ఆగండి. సన్న విత్తనాన్ని ఇసుకతో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. పైన ముళ్ల కంప మీద రాయి పెట్టి లాగితే విత్తనం రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు చేరుతుంది. ఆవాలకు అంత లోతు వద్దు, చివర్లో చల్లి వదిలేయండి. పందులు ఉండగానే చల్లితే అవే తొక్కి పెడతాయని నేనూ ఒకసారి ఆశపడ్డాను. అలసందలన్నీ వాటి పొట్టలోకే పోయాయి.

పూత మొదలవగానే, జనుమైతే 45–50 రోజులకు, కోసి అక్కడే పరచండి. ముదిరితే నార పట్టి త్వరగా కుళ్లదు. తర్వాతి పంట నాటడానికి రెండు మూడు వారాలు ఆగండి. నేలకు తగిలే కూరగాయలైతే ఇంకా జాగ్రత్త కావాలి: అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి పెంట పడ్డాక కోతకు కనీసం 120 రోజులు గడవాలి. పంది ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి, పైరు తీయగానే పందులను మళ్లీ అదే చెక్కలోకి తోలకండి.